విసిరించని బంతులు: రోకి ససాకి క్రీడాజీవితం

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, శిక్షకులకు, తల్లిదండ్రులకు, ఇక్కడికి వచ్చిన యువ క్రీడాకారులకు నమస్కారం. నన్ను మాట్లాడమన్న అంశం యువ ఆటగాళ్ళ వృత్తిజీవితం. దాన్ని గాలిలో మాట్లాడడం నాకిష్టం లేదు కనుక ఒకే ఒక ఆటగాణ్ణి తీసుకుని, అతని తొలి ఏడేళ్ళను మీ ముందు పెడతాను. అతడు జపాన్‌కు చెందిన బేస్‌బాల్ పిచర్ రోకి ససాకి. 2001 నవంబరు 3న పుట్టాడు. ప్రస్తుతం అమెరికాలో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టుకు ఆడుతున్నాడు. అతడు విసిరిన బంతుల గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది. పెద్దలు అతనిచేత విసిరించకుండా ఆపిన బంతుల గురించి మాట్లాడాలని నేను వచ్చాను. ఎందుకంటే ఆ జీవితం నిలబడింది వాటి మీదనే అని నా గట్టి నమ్మకం.

మనకు క్రికెట్ తెలిసినంతగా బేస్‌బాల్ తెలియదు కాబట్టి ముందుగా ఒక మాట. పిచర్ అంటే బంతి విసిరేవాడు. అతనికి పరుగెత్తుకుంటూ వచ్చే అవకాశం ఉండదు. మౌండ్ అనే చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, ఒక్క అడుగు ముందుకు వేసి, 18.44 మీటర్ల దూరంలో ఉన్న బ్యాటర్ వైపు, నేల తాకకుండా విసరాలి. క్రికెట్ బౌలర్ మోచేయి పదిహేను డిగ్రీలు దాటి చాచకూడదన్న నియమం ఉంది. పిచర్‌కు అటువంటి నియమమేదీ లేదు. మోచేయి మడిచి, భుజాన్ని వెనక్కి తిప్పి, కొరడా ఝళిపించినట్టు విసురుతాడు. ఆ విసురులోని ఒత్తిడిలో పెద్ద భాగం మోచేయి లోపలివైపు రెండు ఎముకలను పట్టి ఉంచే ఒక సన్నని లిగమెంట్ మీద పడుతుంది. అది తెగితే శరీరంలో మరోచోటి నుంచి స్నాయువు (టెండన్) తీసి అక్కడ అతికించే శస్త్రచికిత్స చేస్తారు. 1974లో టామీ జాన్ అనే అమెరికన్ పిచర్‌కు తొలిసారి చేశారు కనుక ఆ చికిత్సకు అతని పేరే స్థిరపడింది. ఆ తరువాత తిరిగి మౌండ్ ఎక్కడానికి ఏడాదికి పైగా పడుతుంది. వన్డే క్రికెట్‌లో ఒక బౌలర్‌కు పది ఓవర్లు, అంటే అరవై బంతులే గరిష్ఠం. బేస్‌బాల్ ఆటకు మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్; ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టు ముగ్గురు అవుటయ్యేదాకా బ్యాటింగ్ చేస్తుంది. అందులో మొదటినుంచీ చివరిదాకా విసిరే పిచర్ ఒక ఆటలో వంద దాటి విసరడం మామూలు.

ఇప్పుడు 2019 జూలైకి వెళ్దాం. జపాన్ ఈశాన్యంలో ఇవాతే అనే ప్రాంతం ఉంది. అక్కడి ఒఫునాతో అనే ఓడరేవు పట్టణంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ససాకి చివరి సంవత్సరం విద్యార్థి. ఆ ఏప్రిల్‌లోనే, 18 ఏళ్ళలోపు జాతీయ జట్టు శిక్షణ శిబిరంలో గంటకు 163 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరాడు. అదే ఇవాతేకు చెందిన ప్రసిద్ధ ఆటగాడు షోహెయ్ ఒహ్‌తాని 2012లో పాఠశాల విద్యార్థిగా నమోదు చేసిన వేగం 160. కాబట్టి దేశం దృష్టి అంతా ఈ కుర్రవాడి మీద పడింది. అతని పాఠశాల కోషియెన్‌కు వెళ్తుందా, వెళ్ళదా అన్నదే ఆ వేసవి ప్రశ్న.

కోషియెన్ అంటే నిషినోమియా నగరంలో 1924లో కట్టిన మైదానం. దాదాపు మూడున్నర వేల పాఠశాలలు పోటీపడితే, వాటిలో 49 జట్లు మాత్రమే ఆగస్టులో అక్కడ అడుగుపెడతాయి. ఒక్క ఓటమి చాలు, ఇంటికి పోవడమే. ఓడిన పిల్లలు ఏడుస్తూ ఆ మైదానపు మట్టిని సంచుల్లో నింపుకుని వెళ్తారు. ఒఫునాతో పాఠశాల అక్కడికి వెళ్ళి 35 ఏళ్ళయింది.

జూలై 21న ఇవాతే ప్రాంతపు అర్హత పోటీల నాలుగో రౌండులో ససాకి 12 ఇన్నింగ్స్ ఆసాంతం విసిరాడు. 194 బంతులు. ఆ ఆటను గెలిపించిన హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటి దెబ్బ) కూడా అతని బ్యాటు నుంచే వచ్చింది. మరునాడు క్వార్టర్‌ఫైనల్‌లో విశ్రాంతి ఇస్తే జట్టు అదనపు ఇన్నింగ్స్‌లో కిందామీదా పడి గెలిచింది. 24న సెమీఫైనల్‌లో మళ్ళీ మొదటినుంచీ చివరిదాకా 129 బంతులు విసిరి ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆ మరునాడే, జూలై 25న, మొరియోకా నగరంలో ఫైనల్. ప్రత్యర్థి హనమాకి హిగషి, అంటే ఒహ్‌తాని చదివిన పాఠశాల. నాలుగు రోజుల్లో 323 బంతులు విసిరిన ఆ చేయి ఇంకొక్క ఆట విసిరితే కోషియెన్.

ఒఫునాతో శిక్షకుడు యోహెయ్ కొకుబో అతణ్ణి ఆడించలేదు. విసరడానికి పంపలేదు సరికదా, బ్యాటింగుకు కూడా పంపకుండా ఆట ముగిసేదాకా బెంచీ మీదనే కూర్చోబెట్టారు. జట్టు 12–2 తేడాతో ఓడిపోయింది. కుర్రవాడు విసరగలిగే స్థితిలోనే ఉండి ఉండవచ్చుననీ, గాయం కాకుండా చూడడానికి ఈ నిర్ణయం తానే తీసుకున్నాననీ ఆట తరువాత కొకుబో చెప్పారు. ఆయన ఆ బాధ్యతను వైద్యుడి మీదకు నెట్టలేదు, పిల్లవాడి మీదకూ నెట్టలేదు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై పైచిలుకు మాత్రమే.

పాఠశాలకు ఫిర్యాదుల ఫోన్లు వెల్లువెత్తాయి. జపాన్ లీగ్‌లో 3,085 హిట్లతో రికార్డు నెలకొల్పిన ఇసావో హరిమోతో టెలివిజన్‌లో కూర్చుని, విసిరించి తీరవలసిందని గట్టిగా అన్నారు. అమెరికాలో ఆడుతున్న పిచర్ యూ దర్విష్ దానికి అంతే గట్టిగా ఎదురు చెప్పారు. ఆ కోపాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ససాకితో పాటు ఆ జట్టులో ఉన్న పిల్లలంతా అక్కడి పిల్లలే. పెద్దపెద్ద ప్రైవేటు పాఠశాలలు పిలిచినా కాదని, చిన్ననాటి స్నేహితులతోనే కోషియెన్‌కు వెళ్ళాలని అతడు ఈ ప్రభుత్వ పాఠశాలలో చేరాడు. వారందరికీ నోటిదాకా వచ్చిన ముద్ద అది. వారిలో చాలామందికి జీవితంలో అదే ఆఖరి పెద్ద ఆట. ఒక్కడి మోచేయి కోసం పదిమంది కల పక్కన పెట్టడం న్యాయమా అని అడిగినవారిని మూర్ఖులని నేను అనలేను.

అయినా కొకుబో చేసినదే సరైనదని నేను ఎందుకంటున్నానో చెప్పాలంటే జపాన్ పాఠశాల బేస్‌బాల్ చరిత్రలోకి కొంచెం తొంగిచూడాలి. 1998లో దైసుకే మత్సుజాకా కోషియెన్ క్వార్టర్‌ఫైనల్‌లో 17 ఇన్నింగ్స్ పాటు 250 బంతులు విసిరాడు. 2006లో యూకి సైతో ఒక్క వేసవి టోర్నీలోనే 948 బంతులు విసిరాడు. 2018లో అకితా ప్రాంతపు వ్యవసాయ పాఠశాల విద్యార్థి కోసెయ్ యోషిద 881 విసిరి దేశమంతటికీ ఆరాధ్యుడయ్యాడు. వీరిలో మత్సుజాకా ఆ తరువాత చాలా ఏళ్ళు గొప్పగా రాణించాడు, అతనికీ చివరికి మోచేతి శస్త్రచికిత్స తప్పలేదు. సైతో వృత్తి క్రీడలో ఆ వెలుగును తిరిగి అందుకోలేకపోయాడు. ఆ బంతుల వల్లే ఇలా జరిగిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ పిల్లవాడు చేయి పోయేదాకా విసరడాన్ని త్యాగమని కొనియాడే అలవాటు ఎంత బలమైనదో ఈ అంకెలు చెబుతాయి. ఆ అలవాటుకు ఎదురు నిలబడటం కత్తి మీద సాము. తరువాత ఒక పిచర్ వారం రోజుల్లో 500 బంతులకు మించి విసరరాదని జపాన్ పాఠశాల బేస్‌బాల్ సమాఖ్య నియమం పెట్టింది. ఆ చర్చ ససాకి కంటే ముందే మొదలైందన్నది నిజం. అయితే ఆ నియమం ఉన్నా కూడా జూలై 25న అతడు విసరడానికి అడ్డేమీ ఉండేది కాదు, ఎందుకంటే అప్పటికి లెక్క ఐదు వందలు దాటలేదు. నియమం ఆపలేని చోట మనిషి ఆపాలి. అక్కడ ఆపినవాడు కొకుబో.

అది గుడ్డి నిర్ణయమేమీ కాదు. కొకుబో చదివింది త్సుకుబా విశ్వవిద్యాలయంలో; జపాన్‌లో క్రీడాశాస్త్రానికి పేరున్న చోటు అది. ససాకి ఎముకలు ఇంకా ఎదుగుదల దశలోనే ఉన్నాయనీ, 160 దాటే వేగాన్ని తట్టుకునే శరీరం ఇంకా సిద్ధం కాలేదనీ ఆయన ఫైనల్‌కు చాలా ముందే తెలుసుకుని ఉన్నారు. 190 సెంటీమీటర్లు ఎదిగిన కుర్రవాణ్ణి చూసి పూర్తిగా పెరిగిన మనిషి అనుకోవడం మన కంటికి సహజం. లోపలి ఎముక వయసు వేరే ఉంటుంది. ఇక్కడున్న శిక్షకులు ఈ ఒక్క విషయం దయచేసి గమనించాలి.

ససాకి బాల్యం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఒక పిల్లవాడి దుఃఖాన్ని ఆటకు అలంకారంగా వాడడం నాకు నచ్చదు. అతని సొంత ఊరు రికుజెన్‌తకాత. 2011 మార్చి 11న సునామీ ఆ ఊరిని ఊడ్చేసింది. 1,700 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. తొమ్మిదేళ్ళ ససాకి తండ్రిని, తాతను, నాయనమ్మను కోల్పోయాడు. తల్లి ముగ్గురు కొడుకులతో పొరుగునున్న ఒఫునాతోకు తరలివచ్చింది. 2025లో అదే ఒఫునాతో అడవుల్లో పెద్ద కార్చిచ్చు రేగినప్పుడు, అతడు అమెరికా నుంచి కోటి యెన్‌లతో పాటు 500 మందికి పరుపులూ దుప్పట్లూ పంపాడు. ఆశ్రయ శిబిరంలో రాత్రిపూట ముందుగా కావలసినది ఏమిటో అనుభవించినవాడికి వేరే చెప్పనక్కరలేదు.

2019 అక్టోబరులో వృత్తి జట్ల డ్రాఫ్ట్, అంటే కొత్త ఆటగాళ్ళ ఎంపిక, జరిగింది. జపాన్‌లో పన్నెండు జట్లున్నాయి. ఒకే ఆటగాణ్ణి ఒకటికి మించిన జట్లు కోరితే చీటీలు తీస్తారు. ససాకిని నాలుగు జట్లు కోరాయి, చీటీ చిబా లోత్తే మెరీన్స్‌కు వచ్చింది. ఆ జట్టు పిచింగ్ శిక్షకుడు మసాతో యోషియి స్వయంగా జపాన్‌లోనూ అమెరికాలోనూ పిచర్‌గా ఆడినవారు; ఆట మానేశాక అదే త్సుకుబాలో కోచింగ్ మీద స్నాతకోత్తర పట్టా తీసుకున్నవారు. ఒఫునాతోలో ఆగిన చోటే చిబాలో దారి మొదలుకావడం వెనుక ఈ పోలిక ఉందని నా అభిప్రాయం.

2020 మొత్తం ససాకి ఒక్క అధికారిక ఆటలోనూ విసరలేదు. మొదటి జట్టుకు కాదుకదా, రెండో జట్టుకు కూడా ఆడలేదు. దేశమంతా ఎదురుచూస్తున్న ఆటగాణ్ణి కొనుక్కుని, ఏడాదిపాటు మైదానానికి దూరంగా ఉంచడం ఏ జట్టుకైనా కష్టమే. టికెట్లు అమ్ముడుపోవాలి, పత్రికలకు జవాబు చెప్పాలి. లోత్తే అతణ్ణి పెద్ద ఆటగాళ్ళ మధ్యనే ఉంచి, శరీరం మీద పని చేయించింది. 2021 మే 16న తొలి ఆట ఆడించింది. ఆ నెల 27న తొలి విజయం వచ్చింది, అదీ కోషియెన్ మైదానంలో, హన్షిన్ టైగర్స్ మీద. విద్యార్థిగా చేరుకోలేని మైదానంలో వృత్తి ఆటగాడిగా మొదటి గెలుపు. ఆ సంవత్సరం మొత్తం మీద అతడు ఆడినవి పదకొండు ఆటలే.

ఇక 2022 ఏప్రిల్ 10. ఈ ఒక్క రోజు మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. చిబాలోని సముద్రపు ఒడ్డు మైదానం, ప్రత్యర్థి అంతకుముందు ఏడాది పసిఫిక్ లీగ్ విజేత ఒరిక్స్ బఫలోస్. ససాకికి ఇరవై ఏళ్ళ ఐదు నెలలు. అతని బంతులు పట్టే క్యాచర్ కో మత్సుకవాకు పద్ధెనిమిదేళ్ళు. అప్పుడే పాఠశాల నుంచి వచ్చినవాడు. మొదటి ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక మసతాక యోషిద వచ్చాడు. 2021 సీజను మొత్తంలో కేవలం 26 సార్లు స్ట్రయిక్‌అవుట్ (మూడు స్ట్రయిక్‌లు పడి, బంతిని ఆడలేక అవుటవడం) అయిన బ్యాటర్ అతడు. అతడు స్ట్రయిక్‌అవుట్ అయ్యాడు. తరువాత రెండు, మూడు, నాలుగు, ఐదు ఇన్నింగ్స్‌లలో వచ్చిన పన్నెండుమందీ అదే దారి పట్టారు. వరుసగా 13 మంది. జపాన్‌లో పాత రికార్డు తొమ్మిది, అమెరికాలో పది.

ఎలా సాధ్యమైంది? అతని దగ్గర ప్రధానంగా రెండే ఆయుధాలున్నాయి. ఒకటి 160 కిలోమీటర్లు దాటి తిన్నగా వచ్చే వేగబంతి. రెండోది ఫోర్క్‌బాల్: చూపుడువేలు, మధ్యవేలు బాగా ఎడంగా చాచి, వాటి మధ్య బంతిని ఇరికించి, వేగబంతి వేసే అదే విసురుతో వదులుతారు. తిరుగుడు తగ్గడం వల్ల అది బ్యాటర్ ముందుకు వచ్చేసరికి ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. వేగబంతి మౌండ్ నుంచి బ్యాటర్ ముందుండే ప్లేటును చేరడానికి పట్టే సమయం సుమారు సెకనులో పదింట నాలుగు వంతులు. వచ్చేది ఏదో తేల్చుకునేలోపే బ్యాటు ఊపాలి. ఆ రోజు చివరి బ్యాటర్ యూతారో సుగిమోతో. అంతకుముందు ఏడాది 32 హోమ్‌రన్‌లు కొట్టినవాడు. అతణ్ణీ ఫోర్క్‌బాల్‌తోనే పంపించాడు. ఇరవై ఏడుమంది వచ్చారు, ఒక్కరూ బేస్ (బ్యాటర్ పరుగెత్తి చేరవలసిన గుర్తు) చేరలేదు; ఇలాంటి ఆటనే పర్ఫెక్ట్ గేమ్ అంటారు. 19 స్ట్రయిక్‌అవుట్‌లు జపాన్ రికార్డుకు సమానం. 1994లో హిరోమి మకిహరా తరువాత 28 ఏళ్ళకు వచ్చిన పర్ఫెక్ట్ గేమ్, అన్నింటిలోకీ చిన్నవయసువాడు సాధించినది. విసిరిన బంతులు 105.

నన్ను అంతకంటే ఎక్కువగా కదిలించినది వారం తరువాతి ఆట. ఏప్రిల్ 17న నిప్పన్‌హామ్ ఫైటర్స్ మీద ఎనిమిది ఇన్నింగ్స్ పాటు మళ్ళీ ఒక్కరినీ బేస్ చేరనివ్వలేదు. 102 బంతులు విసిరాడు, 14 మందిని స్ట్రయిక్‌అవుట్ చేశాడు. వరుసగా రెండు పర్ఫెక్ట్ గేమ్‌లు ప్రపంచంలో ఏ పెద్ద లీగ్‌లోనూ ఎవరూ విసరలేదు. ఇంకా ముగ్గుర్ని అవుట్ చేస్తే చాలు ఆ అంచుకు చేరేవాడు. మేనేజర్ తదాహితో ఇగుచి అతణ్ణి మార్చేశారు. తన జట్టు కూడా పరుగు చేయలేకపోవడంతో ఆట 0–0గా సాగి, పదో ఇన్నింగ్స్‌లో లోత్తే ఓడిపోయింది. మూడేళ్ళ కిందట మొరియోకాలో జరిగినదే మళ్ళీ జరిగింది: చరిత్ర చేతికందే దూరంలో ఉండగా ఒక పెద్దమనిషి చేయి అడ్డుపెట్టాడు, జట్టు ఓడింది. తేడా ఒక్కటే, ఈసారి తిట్టినవారు తగ్గారు. దేశం కొంత నేర్చుకుంది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే అర్ధసత్యం చెప్పినవాణ్ణవుతాను. ఇంత జాగ్రత్త పడినా ససాకి శరీరం మాట వినలేదు. జపాన్‌లో ఒక్క సీజన్‌లోనూ అతడు 143 ఇన్నింగ్స్ పూర్తి చేయలేదు. లీగ్ సగటుల పట్టికలో చోటుకు అన్ని కావాలి. అతని గరిష్ఠం 2022లో 129 పైచిలుకు. 2023లో 165 కిలోమీటర్ల వేగాన్ని అందుకుని ఒహ్‌తాని సరసన నిలిచిన ఏడాదే పక్క కండరం చిట్లి, 15 ఆటలకే పరిమితమయ్యాడు. 2024లో తొలిసారి పది విజయాలు సాధించాడు కానీ వేగం తగ్గింది. చేయిని కాపాడితే గాయాలు రావని ఎవరైనా అంటే ఈ అంకెలు చూపించండి. కాపాడడం వల్ల దక్కినది వేరు: ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి మోచేతి మీద కత్తిగాటు లేకుండా, తన దారి తానే ఎంచుకునే స్థితిలో అతడు ఉన్నాడు.

ఆ ఎంపిక చాలామందికి నచ్చలేదు. 25 ఏళ్ళు నిండకుండా అమెరికా వెళ్ళే జపాన్ ఆటగాణ్ణి అక్కడి నియమాలు కొత్తవాడిగానే లెక్కిస్తాయి. పెద్ద ఒప్పందం కుదరదు. ససాకికి డాడ్జర్స్ 2025 జనవరిలో ఇచ్చినది 65 లక్షల డాలర్లు. అందులో నాలుగో వంతుకు సమానమైన మొత్తం, 16 లక్షల పాతికవేల డాలర్లు, లోత్తేకు అదనంగా చెల్లించింది. ఏడాది ముందు అదే డాడ్జర్స్‌కు 25 ఏళ్ళ యోషినోబు యమమోతో 12 ఏళ్ళకు 32.5 కోట్ల డాలర్లకు సంతకం చేస్తే, అతని పాత జట్టు ఒరిక్స్‌కు ఐదు కోట్లకు పైగా ముట్టింది. తొలి ఏడాదంతా ఆడించకుండా పెంచి పోషించిన జట్టును, ఒక్క పూర్తి సీజనైనా ఆడకుండా వదిలి వెళ్ళాడని లోత్తే అభిమానులు బాధపడ్డారు. ఆ బాధలో న్యాయం ఉంది. రెండేళ్ళు ఆగితే పెద్ద ఒప్పందం దక్కుతుందనే హామీ ఏదీ లేదనీ, డబ్బు కంటే ఆ రెండేళ్ళ కాలమే తనకు విలువైనదనీ ససాకి చెప్పాడు. మోచేతి లిగమెంట్ మీద బతికేవాడు ఆ మాట అంటే కాదనడానికి నాకు నోరు రాదు.

అంతకుముందు తనతో చర్చలకు వచ్చిన అమెరికా జట్లకు అతడు ఒక హోంవర్క్ ఇచ్చాడు: నా వేగం ఎందుకు తగ్గింది, అది మళ్ళీ తగ్గకుండా మీరేం చేస్తారు? జట్లు ఆటగాణ్ణి పరీక్షించడం రివాజు. ఇక్కడ ఆటగాడే జట్లను పరీక్షించాడు. తన శరీరం గురించి పెద్దలు నిర్ణయాలు తీసుకుంటూ వచ్చిన కుర్రవాడు, ఆ బాధ్యతను తన చేతుల్లోకి తీసుకున్న క్షణంగా దాన్ని నేను చూస్తాను.

2025 మార్చి 19న టోక్యో డోమ్‌లో, షికాగో కబ్స్ మీద అమెరికా మేజర్ లీగ్‌లో తొలి ఆట ఆడాడు. మూడు ఇన్నింగ్స్‌లలో ఐదుగురికి నడక ఇచ్చాడు, అంటే గురి తప్పిన నాలుగేసి బంతులతో ఊరికే మొదటి బేస్ చేరనిచ్చాడు. తరువాతి ఆటలో రెండు ఇన్నింగ్స్ కూడా నిలవలేదు. అక్కడి బంతి కొంచెం పెద్దది, జారుడు ఎక్కువ. వేగం తగ్గింది, గురి తప్పింది, మే నెలలో కుడి భుజం నొప్పితో గాయాల జాబితాలో చేరాడు. అప్పటికి ఎనిమిది ఆటల్లో ఒక్క విజయం. వేసవిలో అరిజోనాలోని శిక్షణ కేంద్రంలో కాళ్ళ కదలికను, శరీరం ముందుకు ఒరిగే తీరును సరిచేసుకున్నాక పోయిన వేగం తిరిగి వచ్చింది. సెప్టెంబరు చివర్లో జట్టు అతణ్ణి వేరే పనికి పిలిచింది: ఆట చివర్లో వచ్చి, ఒకటి రెండు ఇన్నింగ్స్ విసిరి ముగించే పని. జపాన్ లీగ్‌లో ఎన్నడూ చేయని పని అది. అక్టోబరు 9న టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్ పోటీల్లో ఫిలడెల్ఫియా జట్టు మీద ఎనిమిది, తొమ్మిది, పది ఇన్నింగ్స్ విసిరి, వచ్చిన తొమ్మిదిమందినీ వచ్చినట్టే పంపాడు. డాడ్జర్స్ పదకొండో ఇన్నింగ్స్‌లో గెలిచి ముందుకు సాగింది. విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో మాత్రం తొమ్మిదో ఇన్నింగ్స్‌ను ముగించలేక, టైలర్ గ్లాస్నోకు బంతి అప్పగించి వెళ్ళాడు. జట్టు ఆ ఆటా గెలిచింది, టొరంటో మీద ఏడో ఆటలో సిరీస్ కూడా గెలిచింది.

2026లో అతణ్ణి మళ్ళీ మొదటి ఇన్నింగ్స్ నుంచి విసిరే పిచర్‌గానే ఆడిస్తామని జట్టు ప్రకటించింది. చివర్లో వచ్చి పది, పదిహేను బంతులు విసిరేవాడికి వేగబంతి, ఫోర్క్‌బాల్ రెండూ చాలు. ఒకే బ్యాటర్‌ను ఒకే రోజు మూడుసార్లు ఎదుర్కొనేవాడికి నమ్మదగిన మూడో రకం బంతి కావాలి. అది అతని దగ్గర ఇంకా లేదు. దాన్ని సంపాదించడమూ, ఆరు నెలల సీజను మొత్తం భుజాన్ని నిలబెట్టుకోవడమూ, ఇవి ఇప్పుడు అతని ముందున్న రెండు పనులు. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.